పక్షుల నాణేలు: ముందు హద్దు గీసుకోండి, తర్వాత కొనండి

ప్రశ్న: నా దగ్గర రకరకాల దేశాల నాణేలు నూట యాభై దాకా చేరాయి. వాటిలో ఓ ముప్ఫై మీద పక్షులున్నాయి. ఇకమీదట పక్షుల నాణేలే సేకరించాలని అనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. ‘50 దేశాల పక్షి నాణేలు’ అంటూ ఒకే ప్యాకెట్‌గా అమ్ముతున్నారు, కొనవచ్చా? నాణేల గురించి లోతుగా తెలుసుకోవాలంటే ఏం చేయాలి? ఇంకో సంగతి. ఆల్బంలో పెట్టినవాటిలో నాలుగైదింటికి పచ్చగా జిగురులాంటిది పట్టింది. తోమి శుభ్రం చేయవచ్చా?

సమాధానం: మీ చివరి ప్రశ్నే ముందు చూద్దాం. మిగతావి ఆగుతాయి గానీ అది ఆగదు.

తోమకండి. ఆ జిగురు నాణెంలోంచి వచ్చింది కాదు, ఆల్బం పేజీలోంచి వచ్చింది. మెత్తగా వంగుతూ, కొత్త రెయిన్‌కోటులా వాసన వేసే పారదర్శక పేజీలు చాలావరకు పీవీసీవి. వాటిని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది. ప్లాస్టిక్ కూడా మెల్లగా విడిపోతూ ఆమ్లాన్ని వదులుతుంది. అది నాణెంలోని రాగిని తినడం వల్లే ఆ పచ్చరంగు. వెండి నాణేల్లోనూ, తెల్లగా కనిపించే కుప్రోనికెల్ నాణేల్లోనూ రాగి ఉంటుంది కాబట్టి అవీ తప్పించుకోలేవు. ముందుగా ఆల్బంలోని నాణేలన్నీ, బాగున్నవాటితో సహా, బయటికి తీసేయండి.

జిగురు పోవడానికి స్వచ్ఛమైన అసిటోన్ కావాలి. గోళ్ల రంగు తుడిచే ద్రావణం పనికిరాదు, అందులో నూనెలు, సువాసనలు కలుపుతారు. చిన్న గాజు గిన్నెలో నాణెం మునిగేంత పోసి, అయిదు పది నిమిషాలు ఉంచండి. తర్వాత ఇంకో గిన్నెలో కొత్త అసిటోన్‌లోకి మార్చి, తీసి, దానంతటదే ఆరనివ్వండి. బట్టతో రుద్దవద్దు, ప్లాస్టిక్ గిన్నె వాడవద్దు. కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గర్లో నిప్పు అసలే ఉండకూడదు, ఆ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. రంగులు అద్దిన స్మారక నాణేలను మాత్రం ఇందులో వేయకండి, జిగురుతో పాటు రంగూ పోతుంది. జిగురు పోయాక కింద లోహం కొద్దిగా గుంటలు పడి కనిపిస్తే అది ఇక పూడదు. అలా వదిలేయడమే.

పచ్చగా కనిపించేదంతా ఒకటి కాదు. గట్టిగా, నున్నగా, ముదురాకుపచ్చగా అతుక్కుని ఉన్నది పాత కంచు మీద సహజంగా ఏర్పడే పొర. దాన్ని ముట్టుకోకూడదు. లేత పచ్చగా, పుల్లతో గీకితే పొడిలా రాలేది అయితే క్లోరైడ్ల వల్ల పుట్టే ‘బ్రాంజ్ డిసీజ్’. తేమ తగిలినంతకాలం అది లోహాన్ని తింటూనే ఉంటుంది. అలాంటి నాణెం కనిపిస్తే మిగతావాటి నుంచి వేరుచేసి పొడి డబ్బాలో పెట్టండి.

తోమడం గురించి ఇంకొక్క మాట. కొత్త నాణెం మీద కనిపించే మెరుపు పూతా కాదు, పాలిషూ కాదు. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం కదిలి, ఉపరితలం మీద కంటికి ఆనని గీతలు ఏర్పడతాయి. వెలుతురు ఆ గీతల మీద పడి మెరుస్తుంది. ఒకే బల్బు కింద నాణేన్ని వంచి మెల్లగా తిప్పితే చక్రం ఆకుల్లా వెలుగు చుట్టూ తిరుగుతుంది. టూత్‌పేస్టో, నిమ్మరసమో, మరో పులుపో ఆ గీతలను చెరిపేస్తుంది. నాణెం తళతళలాడుతుంది గానీ వెలుగు తిరగదు. భూతద్దంలో చూస్తే ఒకే దిక్కుగా సన్నని గీరలు కనిపిస్తాయి. తెలిసినవాళ్లు అది చూడగానే పక్కన పెట్టేస్తారు.

ఇక ఎక్కడ దాచాలంటే, మైలార్ (పీవీసీ లేని పారదర్శక ప్లాస్టిక్) కిటికీ ఉన్న 5 సెంటీమీటర్ల చదరపు అట్టలు మొదట్లో చాలు. నాణెం కన్నా కిటికీ కాస్త పెద్దదిగా ఉండాలి. నాణెం పెట్టి అట్టను మడిచి, స్టేప్లర్ పిన్నులు కొట్టాక వాటి కాళ్లను శ్రావణంతో అణచండి, లేకపోతే పక్క అట్టలోని నాణెం మీద గీతలు పడతాయి. నాణేన్ని బయటికి తీసేటప్పుడు ముందు పిన్నులన్నీ ఊడదీయండి. తొందరపడి లాగితే పిన్ను మొనే నాణేన్ని గీకుతుంది, ఇలా పాడైన నాణేలకు లెక్కలేదు. రబ్బరు బ్యాండ్లలోనూ, మామూలు కాగితం కవర్లలోనూ గంధకం ఉండొచ్చు, వెండి నల్లబడుతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తేమ పీల్చుకుని రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడండి. పట్టుకునేది ఎప్పుడూ అంచులతోనే, కింద మెత్తని బట్ట పరిచి. నాణెం మీదికి వంగి మాట్లాడకండి. ఎగిరిపడిన ఉమ్మి తుంపర కొన్నాళ్లకు నల్లచుక్కగా తేలుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ‘పక్షుల నాణేలు’ అన్నది వినడానికి చక్కగా ఉంటుంది గానీ సేకరణకు హద్దు కాదు. మెక్సికో నాణేల మీద కాక్టస్ మీద వాలి పామును నోట కరచిన గద్ద ఉంటుంది. అది దేశ చిహ్నం, కాబట్టి దాదాపు ప్రతి నాణెం మీదా ఉంటుంది. అవన్నీ కావాలా? ఈజిప్టును ఏలిన టాలమీల వెండి నాణేల మీద పిడుగు మీద నిలబడ్డ గద్ద దాదాపు మూడు శతాబ్దాల పాటు కొనసాగింది. అవీ పక్షులే. థాయిలాండ్ 1972 నాటి 5 బాట్ నాణెం మీద గరుత్మంతుడున్నాడు. జపాన్ 1957, 1958 సంవత్సరాల 100 యెన్ వెండి నాణెం మీద ఫీనిక్స్ ఉంది. పురాణ పక్షులను లెక్కలోకి తీసుకుంటారా, లేదా? కొనడానికి ముందే ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. లేకపోతే రెండేళ్లు తిరిగేసరికి మీ దగ్గర ఉండేది సేకరణ కాదు, పోగు.

ఒక వాక్యంలో రాయండి. ఉదాహరణకు: ‘1900 తర్వాత, జనం చేతుల్లో చెలామణి కావడానికే ముద్రించిన, నిజంగా ఏ జాతిదో గుర్తుపట్టగలిగే పక్షి ప్రధాన బొమ్మగా ఉన్న నాణేలు, రకానికొకటి.’ ఇందులో నాలుగు కత్తెరలున్నాయి. కాలం పరిమితమైంది. కేవలం సేకర్తలకు అమ్మడానికే తయారైనవి పోయాయి. చిహ్నాల్లోని గద్దలు పోయాయి. ‘రకానికొకటి’ అనడంతో ప్రతి సంవత్సరం నాణెమూ వెతకాల్సిన పని తప్పింది. మీ వాక్యం ఇదే కానక్కరలేదు. గరుత్మంతుడూ ఫీనిక్సూ మాత్రమే ఉండే సేకరణ ఇంకా ముచ్చటగా ఉండవచ్చు. ఆరు నెలల తర్వాత వాక్యాన్ని మార్చుకోవచ్చు కూడా, అయితే మార్చింది ఒక నాణెం మీద మోజుపడి కాకూడదు.

ఈ నాలుగింటిలో రెండోది ముఖ్యమైనది. జంతువులు, పక్షులు, ఓడలు లాంటి అంశాలకు గిరాకీ ఉందని టంకశాలలకు బాగా తెలుసు. అందుకే చిన్న చిన్న దేశాల పేరు మీద, ఆ దేశంలో ఎవరి జేబులోకీ చేరని రంగురంగుల నాణేలు ఏటా దిగుతుంటాయి. అవి నకిలీలు కావు, చట్టబద్ధమైనవే, కొన్ని అందంగానూ ఉంటాయి. వాటికి అంతు మాత్రం లేదు. వాటి వెంట పడితే మీ సేకరణ ఎటు వెళ్లాలో టంకశాలలే నిర్ణయిస్తాయి. ఇవి కాక మూడో రకం ఉంది. ఏ ప్రభుత్వమూ విడుదల చేయకుండా, దేశం పేరు, విలువ వేసి ప్రైవేటు వ్యక్తులు తయారుచేసేవి. వీటిని ఫాంటసీ నాణేలంటారు.

చెలామణి నాణేలు, సేకర్తల కోసమే చేసినవి, ఫాంటసీవి, ఈ మూడింటినీ వేరుచేసి చూపేది కేటలాగే. ప్రపంచ నాణేలకు ఎక్కువగా వాడేవి క్రౌజ్-మిష్లర్ సంఖ్యలు, సేకర్తలు ‘కేఎం నంబర్’ అంటారు. ఆ కేటలాగులు శతాబ్దానికొక సంపుటంగా వచ్చాయి. ఇంటర్నెట్‌లో న్యూమిస్టా అనే కేటలాగును ఉచితంగా చూడొచ్చు, అక్కడ చెలామణి నాణేలకూ చెలామణికి రానివాటికీ తేడా చూపిస్తారు. కేటలాగులో నంబర్ ముందు ‘ఎక్స్’ ఉంటే అది మామూలు ప్రభుత్వ నాణేల జాబితాలోది కాదని అర్థం. అమ్మేవాళ్లను కేఎం నంబర్ అడగడం అలవాటు చేసుకోండి.

లోతుగా తెలుసుకోవడం ఎలా అని అడిగారు. పుస్తకాలు పేర్చుకుని మొదటి పేజీ నుంచి చదవడం కన్నా, మీ చేతిలో ఉన్న ఒక్క నాణేన్ని పట్టుకుని దాన్ని పూర్తిగా విప్పడం మంచి దారి. న్యూజిలాండ్ ఆరు పెన్నీల నాణేన్ని తీసుకుందాం. దాని మీద ఉన్నది హుయా అనే పక్షి. జార్జ్ క్రూగర్ గ్రే గీసిన ఆ బొమ్మ 1933 నుంచి 1965 దాకా మారలేదు. అది మొదటిసారి నాణెం మీదికి ఎక్కేనాటికే పక్షి లేదు. హుయాను చివరిసారి నిర్ధారణగా చూసింది 1907లో. అంతరించిన పక్షి మూడు దశాబ్దాలకు పైగా చిల్లరగా చేతులు మారిందన్నమాట.

ఇప్పుడు నాణేన్ని తిప్పండి. 1933–36 నాణేల మీద అయిదో జార్జి. 1937 నుంచి ఆరో జార్జి, పేరు పక్కన ‘రాజు, చక్రవర్తి’ అన్న అర్థమిచ్చే మాటలు. 1946 వరకు లోహంలో సగం వెండి. 1947లో వెండి మానేసి కుప్రోనికెల్‌కు మారారు గానీ చక్రవర్తి బిరుదు అలాగే ఉంది. 1948 నుంచి ఆ బిరుదు మాయం. భారతదేశం స్వతంత్రమయ్యాక ఆయన ఇక చక్రవర్తి కాదు మరి. 1953 నుంచి రాణి రెండో ఎలిజబెత్. బరువు మాత్రం అన్నింటికీ 2.83 గ్రాములే. బొరుసు వైపే చూసేవాడికి ఇవన్నీ ఒకే నాణెం. ‘రకానికొకటి’ అని రాసుకున్నవాడికి అయిదు. వాటిలో 1947ది ఒకే ఒక్క సంవత్సరం నడిచిన రకం: కొత్త లోహం, పాత బిరుదు. మీ ముప్ఫైలో హుయా ఉంటే వెంటనే సంవత్సరం చూడండి.

ప్రతి నాణేన్నీ ఇలాగే అడగవచ్చు. ఐర్లండ్ 1928 ఫార్తింగ్ (పావు పెన్నీ) మీద పెర్సీ మెట్‌కాఫ్ గీసిన వుడ్‌కాక్ ఉంది. అదే బొమ్మ 1970లో ఏడు పలకల 50 పెన్స్ మీదికి ఎందుకు వచ్చింది? బ్రిటన్‌లో అతి చిన్న విలువైన ఫార్తింగ్ మీదికి 1937లో అతి చిన్న పక్షుల్లో ఒకటైన రెన్ ఎలా వచ్చింది? కెనడా 1967లో పావురాన్ని ఒక సెంటు మీద, కెనడా గూస్ అనే పెద్దబాతును డాలరు మీద వేసింది ఆ ఒక్క సంవత్సరానికే. సమాఖ్య ఏర్పడి నూరేళ్లయిన సందర్భమది. అదే కెనడా 1987లో 11 పలకల డాలరు మీద నీటిపక్షి లూన్‌ను వేయడం వెనక అసలు ఉద్దేశమే వేరు. మొదట అనుకున్నది పడవ బొమ్మ. దాని మూల అచ్చులు ఒట్టావా నుంచి విన్నిపెగ్‌కు పంపుతుండగా దారిలో పోయాయి. దొంగనోట్లు పుట్టినట్టే దొంగనాణేలు పుడతాయన్న భయంతో బొమ్మే మార్చేశారు. ఒక్కో నాణేనికి ఒక పేజీ పెట్టి ఇలాంటివి రాసుకుంటూ పోతే ముప్ఫై నాణేలకే చాలా చరిత్ర వస్తుంది. పేజీలో పక్షి జాతి పేరు, గీసినవారు, టంకశాల, లోహం, బరువు, వ్యాసం, అంచు రకం, కేఎం నంబర్, ఎక్కడ ఎప్పుడు కొన్నారు అన్నవి ఉండాలి.

కొన్నిటి మీద సంవత్సరం మనకు తెలిసిన లెక్కలో ఉండదు. థాయి నాణెం మీది బౌద్ధ సంవత్సరం నుంచి 543 తీసేయండి. పైన చెప్పిన 5 బాట్ మీద 2515 అని ఉంటుంది. జపాన్ షోవా సంవత్సరానికి (చక్రవర్తి హిరోహిటో పాలన లెక్క) 1925 కలపాలి. ఫీనిక్స్ నాణెం మీది షోవా 32 అంటే 1957. బర్మా నెమలి నాణేల మీది 1214కు 638 కలిపితే 1852. హిజ్రీ (ఇస్లామిక్) సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఒకటి అటూ ఇటూగా సరైన సంవత్సరమే వస్తుంది. ఆ లిపుల్లోని పది అంకెలూ ఒక చీటీ మీద రాసి ఆల్బంలో పెట్టుకుంటే సరిపోతుంది.

పరికరాలు ఎక్కువ అక్కర్లేదు. 0.01 గ్రాము చూపే చిన్న తూకం, వ్యాసం కొలిచే ప్లాస్టిక్ దవడల కాలిపర్, 10 రెట్లు పెద్దదిగా చూపే లూప్ (చిన్న భూతద్దం), ఒక అయస్కాంతం. వెండి, రాగి, కుప్రోనికెల్ అయస్కాంతానికి అంటవు. శుద్ధ నికెల్, ఇనుము అంటుతాయి. నకిలీలు చాలావరకు బరువు, వ్యాసం దగ్గరే దొరికిపోతాయి.

స్మారక నాణేల్లో ఒక చిక్కుంది. ‘క్రౌన్’ కొలతలో, అంటే 38.61 మిల్లీమీటర్లు, 28.28 గ్రాములు, ఒకే బొమ్మను వెండిలోనూ కుప్రోనికెల్‌లోనూ విడుదల చేస్తుంటారు. బరువు, వ్యాసం రెండూ ఒకటే కాబట్టి తూకం తేల్చలేదు. అప్పుడు నీటి పరీక్ష చేయాలి. తూకం మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. తూకం చూపే అంకెతో నాణెం అసలు బరువును భాగించండి. 925 వెండి అయితే తూకం 2.73 దగ్గర ఆగుతుంది, సాంద్రత 10.3 చిల్లర వస్తుంది. కుప్రోనికెల్ అయితే 3.16 దాకా పోతుంది, సాంద్రత 8.9. గాలి బుడగలు అంటుకుని ఉంటే అంకె తప్పుతుంది, దారాన్ని మెల్లగా కదిపి వదిలించుకోండి. తర్వాత నాణేన్ని మెత్తని బట్ట మీద అద్ది ఆరబెట్టండి.

ఏథెన్స్ గుడ్లగూబ నాణెం మీద మీకు తప్పకుండా మనసు పడుతుంది. పక్షుల నాణేలు పోగుచేసేవాళ్లలో దానికోసం ఆశపడనివాళ్లు తక్కువ. దాదాపు 17.2 గ్రాముల ఆ వెండి నాణేనికి నకళ్లు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. అంచు చుట్టూ అతుకు గీత, బొమ్మ మీద సబ్బులా జారిన అంచులు, చిన్న చిన్న బుడగ గుంటలు కనిపిస్తే పోతపోసినదని అర్థం. అసలుది సమ్మెట దెబ్బతో ముద్రించింది, కాబట్టి బొమ్మ మధ్యలో ఉండకపోవడం, అంచు పగలడం దానికి సహజం. ఇలాంటి ప్రాచీన నాణేల జోలికి ఇప్పుడే వెళ్లవద్దని నా సలహా. ఎక్కడ దొరికింది, ఎవరి చేతులు మారింది అన్న కాగితాలు లేకుండా కొంటే చాలా దేశాల్లో పురావస్తు చట్టాల చిక్కులూ ఉంటాయి. అదే గుడ్లగూబ గ్రీస్ 1 యూరో నాణెం మీద ఉంది, ప్రస్తుతానికి దానితో సర్దుకోండి.

గ్రేడ్, అంటే నాణెం ఎంత అరిగిందో చెప్పే స్థాయి, చూడటం ఫొటోలతో రాదు, ఒకే రకం నాణేలు అయిదారు పక్కపక్కన పెట్టుకుంటేనే వస్తుంది. పక్షి బొమ్మలో ముందుగా అరిగేది రొమ్ము, రెక్క పైభాగం. ఈకల గీతలు అక్కడ పోయాయేమో చూడండి. రొమ్ము మీద ఈకలు లేవు గానీ ఆ చోట మెరుపు మాత్రం తిరుగుతోందంటే అది అరుగుదల కాదు, అచ్చు సరిగ్గా దిగలేదన్నమాట. రెంటికీ ధరలో చాలా తేడా ఉంటుంది. ధర తెలుసుకోవడానికి అమ్మేవాళ్లు అడుగుతున్నది కాకుండా, వేలాల్లో నిజంగా అమ్ముడైన పాత ఫలితాలు చూడండి. అడిగే ధర ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు.

ఇక ఆ 50 దేశాల ప్యాకెట్. లోపలున్న నాణేల జాబితా ముందే ఇస్తామంటే, ఆ జాబితాను మీ వాక్యంతో పోల్చి చూడండి. సగానికి పైగా మీ హద్దులోకి వస్తే కొనవచ్చు. జాబితా ఇచ్చేది లేదంటే వదిలేయండి. వాటిలో మామూలు నాణేల మీద తర్వాత రంగు ముద్రించినవీ, ఫాంటసీ నాణేలూ కలిసి వస్తుంటాయి. కొన్నా ఇంటికి తెచ్చిన రోజే ప్యాకెట్ విప్పి, నాణేలను అట్టల్లోకి మార్చండి. ఆ ప్యాకెట్ పొరలు చాలాసార్లు పీవీసీయే.